మెడలో కట్టిన సీసపు అక్షరం

అశోక్ నగర్‌లో నేను పనిచేసే జిరాక్స్ దుకాణానికి ఎక్కువగా నోట్సులే వస్తాయి. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలవి. నా పని స్పైరల్ బైండింగ్. కాగితాల అంచులు సరిచేసి, రంధ్రాలు కొట్టి, తీగ ఎక్కించి ఇస్తాను. అందులో ఏముందో నాకు అక్కర్లేదు. కానీ చేతిలోకి వచ్చిన అచ్చు కాగితాన్ని చదవకుండా వదలడం నాకు చేతకాదు. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చారు. పని ఎక్కడుంటే అక్కడ గుడిసె. ప్రతిచోటా బడి ఉండేది కాదు. ఆ తర్వాతి నా చదువంతా చిక్కడపల్లి లైబ్రరీ పెట్టిందే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం కూడా చదవగలను. ఈ మాట చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి పర్యావరణం నోట్సు తెచ్చింది. వస్తూ వస్తూ బస్సులో కింద పడేసుకుంది. పేజీలకు నంబర్లు లేవు.

"అంకుల్, మొత్తం కలిసిపోయినయ్. నాకైతే ఏడుపొస్తుంది."

"జర ఆగమ్మా. నేను చదివి సరిచేస్త."

"చదివా? ఇన్ని పేజీలా?"

"నువ్వు చాయ్ తాగి రాపో. వచ్చేవరకు చేసి పెడ్త."

వాక్యం తెగినచోట తర్వాతి వాక్యాన్ని వెతుక్కుంటూ పేజీలు పేర్చడం నాకు ఇష్టమైన పని. అడవుల కింద అడవులు, నదుల కింద నదులు వచ్చాయి. సముద్ర తాబేళ్ల పేజీ చేతికి వచ్చింది. మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల గురించి. ఫ్యాక్టరీల నీళ్లలో, పారేసిన బ్యాటరీల్లో, ఓడల రంగుల్లో ఉండే సీసం, పాదరసం, కాడ్మియం సముద్రంలో కలుస్తాయట. నీళ్లలోంచి నాచులోకి, నాచులోంచి పీతల్లోకి, పీతల్ని తిన్న తాబేలులోకి చేరతాయట. తాబేలు చాలా ఏళ్లు బతుకుతుంది కాబట్టి అవి దాని ఒంట్లో పోగుపడుతూనే ఉంటాయట. ఆఖరి వాక్యం కింద ఆ అమ్మాయి ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది. తల్లి ఒంట్లో చేరిన లోహాల్లో కొంత భాగం గుడ్లలోకి వెళ్తుంది.

నా చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ తర్వాత ఏ పేజీ ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. అమ్మాయి తిరిగి వచ్చి చూసి, "అంకుల్, తాబేళ్ల తర్వాత బొగ్గు గనులు పెట్టినవేంది?" అని నవ్వింది.

అప్పటికి కడుపుతో ఉన్న మా అమ్మాయికి ఆరో నెల.

ఎందుకు అంత భయపడ్డానో చెప్పాలంటే ప్రెస్సు సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్ల వయసులో నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో చేరాను. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, చిన్న చిన్న పత్రికలు అచ్చేసేవాళ్లం. అప్పట్లో ప్రతి అక్షరం ఒక సీసపు ముక్క. అక్షరాలు గళ్ల పెట్టెల్లో ఉండేవి. ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలోని ఇనుప స్టిక్కులో తలకిందులుగా, అద్దంలో కనిపించేలా తిరగేసి పేర్చాలి. అందుకే కంపోజిటర్లకు తలకిందుల చదువు వస్తుంది. ఎదుటివాడి బల్ల మీద వాడి వైపు తిరిగి ఉన్న కాగితాన్ని నేను వాడికంటే ముందే చదివేస్తాను. నాకు అక్షరాలు నిజంగా వచ్చింది ఆ గళ్ల పెట్టెల దగ్గరే. తర్వాతే లైబ్రరీ మెట్లెక్కాను.

రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు వరుసల మధ్య పెట్టే సన్నని సీసపు పట్టీల్ని పెదవుల మధ్య పట్టుకునేవాళ్లం. అందరం అలాగే చేసేవాళ్లం. సాయంత్రానికి వేళ్లు నల్లగా మెరిసేవి. పని దిగేముందు ఫోర్‌మన్ ఒక్కొక్కరికి బెల్లం ముక్క ఇచ్చేవాడు. "తినుండ్రి, సీసం కడుపుల నిలువది" అనేవాడు. ఆ నల్లటి వేళ్లతోనే తినేవాళ్లం.

ఆ ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. కంపోజిటర్ ఇంట్లో బిడ్డ పుడితే, కొత్తగా వచ్చిన అక్షరాల పొట్లం విప్పి, సిరా తగలని 'ఓ' ఒకటి ఫోర్‌మన్ తన చేత్తో ఏరి ఇచ్చేవాడు. ఓనమాలకు మొదటి అక్షరం. పెళ్లి పత్రిక మీద వేసే పెద్ద సైజుది. అచ్చు అక్షరం ఒంటికి ఒక గాడి ఉంటుంది, ఏ వైపు పైకి పెట్టాలో వేలికి తెలియడానికి. ఆ గాడిలో నల్లదారం బిగించి బిడ్డ మెడలో కట్టేవాళ్లం. చదువు అబ్బుతుందని. మా అమ్మాయికి ఇరవై ఒకటో రోజున తొట్లెలో వేసినప్పుడు ఫోర్‌మన్ స్వయంగా మా బస్తీకి వచ్చి కట్టాడు. బడి చదువు లేని నాకు పుట్టిన బిడ్డ మెడలో అక్షరం వేలాడుతుంటే ఆ రోజు నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

పళ్లొచ్చే వయసులో ఆ అక్షరం ఎప్పుడూ దాని నోట్లోనే ఉండేది. చప్పరిస్తూ నిద్రపోయేది. మా ఆవిడ తీసేయబోతే నేనే వద్దన్నాను. "చదువును మింగుతుంది, మింగనియ్" అన్నాను. బస్తీలో వచ్చినవాళ్లందరికీ చూపించి మరీ అన్నాను. దాదాపు రెండేళ్లు అది దాని మెడలోనే ఉంది.

తాబేళ్ల పేజీ చదివిన మర్నాడు దుకాణానికి పోకుండా లైబ్రరీకి పోయాను. సముద్ర జీవుల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. డిక్షనరీ పెట్టుకుని కూర్చున్నాను. సీసానికి ఒక మాయ గుణం ఉందట. ఒళ్లు దాన్ని సున్నం, అంటే కాల్షియం, అనుకుంటుందట. తీసుకెళ్లి ఎముకల్లో దాస్తుందట. తల్లి తాబేలు గుడ్లకు పెంకు కట్టాలంటే సున్నం కావాలి, అది తన ఎముకల్లోంచి తీస్తుంది, దాంతోపాటు దాగిన సీసం కూడా బయటికి వస్తుంది. ఆ తర్వాత వైద్యం పుస్తకాల అరకు పోయాను. మనుషుల సంగతీ అంతే. కడుపులో బిడ్డ ఎముకలు కట్టుకునే నెలల్లో, తల్లి ఎముకల్లో ఎన్నేళ్ల క్రితమో చేరిన సీసం కొంత రక్తంలోకి దిగుతుందని రాసి ఉంది. బిడ్డకు చేరవచ్చు. మెదడు ఎదిగే వయసులో అది మంచిది కాదు. కొన్నిసార్లు కడుపు నిలవకపోవచ్చు.

పోయిన ఏడాది మా అమ్మాయికి మూడో నెలలో కడుపు పోయింది.

తాబేళ్ల పుస్తకం మళ్లీ తెరిచాను. ఆ గుడ్లు ఏమవుతాయన్నది తర్వాతి పేజీలో ఉందని శీర్షిక చూస్తే తెలిసింది. పేజీ తిప్పలేకపోయాను. ముప్పై ఏళ్ల నుంచి ఆ లైబ్రరీలో చదువుతున్నాను, మొదలుపెట్టిన పుస్తకాన్ని మధ్యలో మూయడం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి నాకు అన్నీ గుర్తుకు రావడం మొదలైంది. చిన్నప్పుడు దానికి ఊరికే కడుపునొప్పి వచ్చేది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఎప్పుడూ పాలిపోయి ఉండేది, రక్తం తక్కువని డాక్టర్లు టానిక్కులు రాసేవాళ్లు. అప్పుడు మామూలు సంగతులు అనుకున్నవన్నీ ఇప్పుడు ఒకే మాట చెప్తున్నట్టు అనిపించింది. అంతలోనే అది డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైందని, బషీర్‌బాగ్‌లో ఆఫీసులో అందరికంటే చురుకైనదని గుర్తుచేసుకునేవాణ్ణి. గంటసేపు ధైర్యం ఉండేది. మళ్లీ మొదటికొచ్చేది. రోజూ సాయంత్రం అది అంబర్‌పేట్ నుంచి ఫోన్ చేసేది. "తిన్నవా బిడ్డా?" తప్ప నోట్లోంచి మాట వచ్చేది కాదు.

ఆ అక్షరాన్ని మా ఆవిడ పారేయలేదు. పాత కుంకుమ భరిణెలో దాచింది. మనవడో మనవరాలో పుడితే మళ్లీ కట్టాలని. ఆమె గుడికి వెళ్లినప్పుడు భరిణె తెరిచాను. అక్షరం అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. అచ్చులో ఎన్నడూ వాడని అక్షరం అది. ఎక్కడ అరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను.

పారేద్దామంటే ఎక్కడ పారేయాలో తెలియలేదు. చెత్తబండిలో వేస్తే గుట్టలోకి పోతుంది, వానకు నాలాలోకి, నాలాలోంచి మూసీలోకి, అక్కడినుంచి కృష్ణలోకి. కృష్ణ కలిసేది ఆ తాబేళ్లు గుడ్లు పెట్టే సముద్రంలోనే. నా బిడ్డ నోట్లోంచి తీసిన ముక్కను ఇంకొక తల్లి నోటి దాకా పంపినట్టు అవుతుందనిపించింది. చివరికి ఒక గాజు సీసాలో వేసి, మూత బిగించి, దుకాణంలో నా సొరుగు వెనక పెట్టాను. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. ఇంటికి పోయాక మళ్లీ.

"ఏందయ్యా, ఆపరేషన్ చేసే డాక్టర్ లెక్క ఒకటే కడుగుడు?" అంది మా ఆవిడ. "బిళ్ల సబ్బు నాలుగు దినాలకే అరగ్గొట్టినవ్."

"దుకాణంల సిరా."

"జిరాక్సుకు సిరా ఏడిదయ్యా?"

ఆమెకు అబద్ధం చెప్పడం నాకు ఎప్పుడూ రాలేదు.

ఏడో నెలలో శ్రీమంతం పెట్టుకున్నాం. దానికి వారం ముందు ఆదివారం అమ్మాయి ఇంటికి వచ్చింది. మా ఆవిడ సుల్తాన్ బజార్‌లో కొన్న చీర, గాజులు మంచం మీద పరిచి చూపించింది. తర్వాత పెట్టె తెరిచి భరిణె తీసింది.

"నీ అక్షరానికి కొత్త దారం ఎక్కిస్త," అంటూ మూత తీసి, భరిణె బోర్లించి, అడుగున వేలుపెట్టి చూసింది. "ఏడవాయె? ఇన్నేండ్ల సంది దీన్ల్నే ఉన్నది. కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"ఎలుక ఎత్కపోయిందేమోనే," అంది అమ్మాయి నవ్వుతూ. "గ్రూప్స్ రాస్తదేమో పాపం."

"నేనే తీసిన," అన్నాను.

"నువ్వా? ఎందుకు?"

"ఆ పుట్టే బిడ్డకు కట్టొద్దు." అమ్మాయి వైపు చెయ్యి చూపించాను. "దీనికి కూడా కట్టకుండా ఉండాల్సింది."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. చెప్పేశాను. నోట్సు, తాబేళ్లు, సున్నం, ఎముకలు, గుడ్లు, అన్నీ. లైబ్రరీలో చదివినవాటిని ఇంట్లో చెప్పడం నాకు అలవాటే. గ్రహణాలు, అగ్నిపర్వతాలు, తేనెటీగలు, ఏది చదివినా వీళ్లకే చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒక్కో మాటను లోపలినుంచి లాగి పెట్టాల్సి వచ్చింది.

"ఫోర్‌మన్ సాబ్ దేవుడసొంటోడు," అంది మా ఆవిడ. "గాయిన విషం కడ్తడా పసిపిల్లకు?"

"ఆయనకు తెల్వదు. నాకు తెల్వదు. ఎవరికీ తెల్వదు."

"బెల్లం ఎందుకిచ్చిండు మరి?"

ఆయనకు ఎంతోకొంత తెలుసన్నమాటే. ఆ కొంచెం తెలివి మా చేతుల దాకా వచ్చి ఆగిపోయింది, బిడ్డల మెడల దాకా పోలేదు.

అమ్మాయి ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అంటె నేనిప్పుడు తాబేలునా నాయినా?" అంది. తర్వాత కడుపు మీద చెయ్యి పెట్టుకుని చాలా మెల్లగా అడిగింది. "పోయినసారిది... గిందుకేనా?"

"నోర్మూయ్," అంది మా ఆవిడ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను. నా జీవితంలో ఇంత కష్టంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"నీకెప్పుడు తెల్సింది గిది?"

"పద్దెనిమిది దినాలైంది."

అప్పుడు దానికి కోపం వచ్చింది. "పద్దెనిమిది దినాలు! రోజూ ఫోన్ల తిన్నవా తిన్నవా అనుకుంట? కట్టినప్పుడు నీకు తెల్వదు, సరే. తెల్సినంక ఎందుకు చెప్పలే? డాక్టర్‌ను అడుగుతుంటి కదా?"

"భయమైంది."

"కడుపు నాది నాయినా. భయపడితే నేను భయపడాలె, నీతోని కలిసి."

మర్నాడే నారాయణగూడలో అది చూపించుకునే ఆసుపత్రికి ముగ్గురం పోయాం. తాబేళ్ల మాట ఎత్తితే డాక్టరమ్మ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ప్రెస్సులో ఎన్నేళ్లు చేశానో, ఆ అక్షరం ఎంతకాలం నోట్లో ఉందో అడిగి రాసుకుంది. "చిన్నప్పటిది చాలావరకు పోయి ఉంటుంది. ఎముకల్లో కొంత ఉండొచ్చు. ఊహించుకుంటూ కూర్చునే బదులు చూద్దాం" అంది. రక్తం తీసుకున్నారు. పరీక్ష వేరేచోట చేస్తారట, వారం పడుతుందన్నారు. ఈలోగా సున్నం బిళ్లలు, ఐరన్ బిళ్లలు ఒక్కరోజు కూడా మానొద్దని, ఒంటికి సున్నం సరిగ్గా అందితే ఎముకల జోలికి తక్కువ పోతుందని చెప్పింది. మా అమ్మాయి వికారమని ఆ బిళ్లలు సగం రోజులు మానేస్తోందని అక్కడే తెలిసింది. మా ఆవిడ చూసిన చూపుకు అది తల దించుకుంది.

ఆ వారం ఎలా గడిచిందో రాయడం కష్టం. శ్రీమంతం జరిగింది. గాజులు తొడిగారు, పాటలు పాడారు. ఆడవాళ్లంతా నవ్వుతుంటే నేను గుమ్మం బయట నిలబడ్డాను. మా ప్రెస్సులో ఎంతమంది పిల్లల మెడల్లో ఆ అక్షరం కట్టామో లెక్కపెట్టడానికి ప్రయత్నించాను. పదకొండు దాకా గుర్తొచ్చారు. వాళ్లలో ఆడపిల్లలు ఐదుగురు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ బల్లకు ఇవతల అమ్మాయి, నేను కూర్చున్నాం. మా ఆవిడ బయటే ఉంటానంది. డాక్టరమ్మ కవరు చింపి, కాగితం తన ముందు పరుచుకుని, కళ్లద్దాలు వెతుక్కుంటోంది. కాగితం ఆమె వైపు తిరిగి ఉంది. చదవొద్దనుకున్నాను. కానీ నా కళ్లు ఆ పని నేర్చుకుని చాలా కాలమైంది. పేరు, వయసు దాటుకుంటూ తలకిందుల వరుసలో కుడినుంచి ఎడమకు పోయాయి. సీసం అన్న మాట దగ్గర ఆగాయి. పక్కన అంకె. దాని పక్కన హద్దు. ప్రూఫులో తప్పు వెతికినట్టు ఆ రెండు అంకెల్నీ మూడుసార్లు చూశాను.

హద్దు కంటే తక్కువే ఉంది. కానీ సున్నా కాదు.

పక్కకు తిరిగేసరికి మా అమ్మాయి కాగితాన్ని కాదు, నా ముఖాన్నే చూస్తోంది. చిన్నప్పటినుంచీ దానికి నా ఈ విద్య తెలుసు. "చదివేసినవా?" అంది గుసగుసగా. తలూపాను. అది ఊపిరి వదిలింది.

డాక్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని అదే చెప్పింది. కంగారు పడాల్సినంత లేదు. అలాగని ఇంత వరకు మంచిదే అనే హద్దంటూ సీసానికి లేదు. తొమ్మిదో నెలలో మళ్లీ చూద్దాం, పుట్టాక బిడ్డకూ చూద్దాం. పోయిన ఏడాది సంగతి అడిగితే, దానికి సవాలక్ష కారణాలు ఉంటాయని, ఇదని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరని అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు ఎప్పుడైనా చేయించుకున్నారా?"

ఆ ఆలోచనే నాకు రాలేదు. పక్క గదిలో నాదీ రక్తం తీశారు. ఇంకో వారం.

బయటికి వచ్చాక మా ఆవిడ దండం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టాలని గుడికి ఆటో ఎక్కింది. మేమిద్దరం మెల్లగా నడుస్తున్నాం. నా మోచేతి దగ్గర దూది అంటించి ఉంది.

"నాయినా, ఇంతకీ ఆ గుడ్లు ఏమైతయ్?" అంది అది.

"ఏ గుడ్లు?"

"తాబేళ్లయి. పిల్లలొస్తయా, రావా?"

"నేను అక్కడిదాంక చదవలే."

నడుస్తున్నదల్లా ఆగింది. "నువ్వు? సగంల వదిలేసినవా?"

"పేజీ తిప్పలేకపోయిన బిడ్డా."

"దా పోదాం. చదివి చెప్పు నాకు."

చిక్కడపల్లి దాకా వద్దు, అలసిపోతావు అన్నాను. వినలేదు. ఆటోలో పోయాం. ఆ మధ్యాహ్నం లైబ్రరీలో పరీక్షల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. దాని కడుపు చూసి ఒక అమ్మాయి లేచి కుర్చీ ఇచ్చింది. నాకు ఎప్పటిలాగే ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ దొరికింది. పుస్తకం నేను పెట్టినచోటే ఉంది. శీర్షిక దగ్గర నుంచి వేలు పెట్టి, ఒక్కో మాటా తెలుగులో చెప్తూ చదివాను. లోహం ఎక్కువగా చేరిన గుడ్లలో కొన్ని పొదగకపోవచ్చు. కొన్నిట్లోంచి వచ్చిన పిల్లలు చిన్నవిగా ఉండవచ్చు. చాలా గుడ్లు మామూలుగానే పగులుతాయి, పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చి నీళ్లవైపు పోతాయి. ఎంత ఉంటే ఎంత కీడో ఇంకా పూర్తిగా తేలలేదు.

"తేలలేదని రాసిండా?"

"రాసిండు."

"పుస్తకం రాసినాయనకే తేలలే. నువ్వు సబ్బులు అరగ్గొట్టినవ్." అంటూనే అది కళ్లు తుడుచుకుంది. నాకు భయం పోలేదు. దానికీ పోలేదని నాకు తెలుసు. తొమ్మిదో నెల ఇంకా ముందుంది.

"ఇంకేం రాసిండు? తిప్పు," అంది.

పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నా చూపుడువేలు దానంతట అదే నాలుక దగ్గరికి పోయింది. ఆ అలవాటు ప్రెస్సు రోజులది.

మా అమ్మాయి చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"నోట్లె వెట్టకు," అంది. నా చేతిని బల్ల మీదికి దించి, తన వేలితో తనే పేజీ తిప్పింది.